చలినొప్పి, రాతినొప్పి

చెన్నప్ప కుడి మోకాలికి రెండు నొప్పులు. ఒకటి చలిది, ఒకటి రాతిది. బంగారు గనిలో పైరాయి కూలకుండా ముప్ఫై ఏండ్లు దుంగలు నిలబెట్టిన మనిషి. ఆ రెండింటి తేడా ఆయనకు తెలిసినట్టు డాక్టరుకు కూడా తెలియదు. చలినొప్పి చర్మం మీంచి లోపలికి దిగుతుంది, కాపడం పెడితే గొణుక్కుంటూ మెల్లగా పోతుంది. రాతినొప్పి ఎముక నడిమిలో పుడుతుంది. భూమి కింద రాయి బిగుసుకున్నంతసేపూ తానూ బిగుసుకుంటుంది. రాయి పగిలే ముందర, పట్టుకున్న చెయ్యి వదిలేసినట్టు, ఒక్కసారిగా పోతుంది. రెండుసార్లు అట్లే పోయింది. రెండుసార్లూ లోపల రాయి పేలి బరస్టయి మనుషులు పోయినారు. గని కంపెనీ చేతిలోంచి సర్కారు చేతికి వచ్చినా రాయి బుద్ధి మారలేదు.

ఆ మార్గశిరంలో చలి మరీ కొరికింది. మోకాలు పీకుతా ఉండాదని రెండు మార్లు కొడుకు మారప్పను షిఫ్టుకు పోనీలేదు. లోపల ఏమీ కాలేదు. గని కూలీల లైను ఇండ్లన్నీ నవ్వినాయి.

"ఏమప్పా మారప్పా, మీ నాయన మోకాలిని ఇంజనీరుగా వేసుకున్నారంటనే!" అన్నాడు పక్కింటి దొడ్డమునియప్ప, కొళాయి కాడ అందరి ముందరా.

మూడోనాడు పొద్దున, మంచు ఇంకా విడవలేదు. మారప్ప టోపీ చంకన పెట్టుకుని గడపలో నిలబడినాడు.

"నాయనా, ఏమంటాది మోకాలు?"

ఎగతాళి కాదు. వద్దంటే ఉండిపోయేవాడే.

నొప్పి ఎముక నడిమిలోనే ఉంది. చెన్నప్పకు తెలుసు. అంతలో గోడ అవతల దొడ్డమునియప్ప దగ్గినాడు.

"చలిదేలేరా. పో."

మారప్ప పోయినాడు. సైరను కూసి గంటయింది. మోకాలు తాడు పేనినట్టు బిగుసుకుంటా వచ్చింది.

"అట్లా పిసుక్కోవద్దు మామా. రాళ్లుప్పు వేయిస్తా ఉండా, మూట కట్టి కాపడం పెడతా," అనింది కోడలు గంగమ్మ వంటింట్లోంచి.

పెనం మీద ఉప్పు చిటచిటా పగిలింది. చెన్నప్ప ఉలిక్కిపడినాడు.

"ఏందమ్మా ఆ సద్దు?"

"ఉప్పే మామా! ఇంగ దేనికి భయపడేది!"

అప్పుడు నొప్పి పోయింది.

కాలు చాపితే చాపుకుంది. మడిస్తే మడుచుకుంది. గంగమ్మ వేడి మూట పట్టుకుని వచ్చి, కాలు చూసి నవ్వింది.

"చూస్తివా మామా, ఉప్పు పేరు చెప్తానే పారిపోయింది!"

చెన్నప్ప గోడ పట్టుకుని లేచినాడు. గూట్లో లోటాలు వణకడం మొదలుపెట్టినాయి.