ఎల్వా ఆంటీ చెప్పిన చలి

మా రేడియోలో ఆదివారం ఉదయం ఏడు గంటలకు వచ్చే పావుగంట కార్యక్రమానికి పేరంటూ ఏమీ లేదు. ఎల్వా ఆంటీ వాతావరణం అంటారంతే. బోవెన్ ఊరి చుట్టుపక్కల తీరంలో మామిడి, టమాటా, క్యాప్సికం పండించేవాళ్లూ, పీతల బుట్టలు వేసేవాళ్లూ ఆ పావుగంట ఇంట్లో ఎవరినీ నోరెత్తనివ్వరు. తొమ్మిదేళ్లుగా ఆవిడ మైకు ముందు కూర్చుంటే, అద్దానికి ఇవతల మీటలు తిప్పేది నేను.

ఎల్వా టన్నాకు డెబ్బై ఒకటి. వాళ్ల తాతను చెరకు కోతకని టన్నా దీవి నుంచి ఓడలో తెచ్చారు. ఆ దీవి పేరే ఇంటిపేరుగా నిలిచింది. ఆవిడ ముప్ఫై ఏళ్లు షెడ్డులో టమాటాలు ఏరి పెట్టెలకెత్తింది. పన్నెండో ఏట తండ్రి వానకొలత గొట్టం చేతిలో పెట్టి "రోజూ చూసి రాయి" అన్నాడట. అప్పటినుంచి మానలేదు. పురిటినొప్పులు వచ్చిన రోజు కూడా ముందు గొట్టం చూసి, తర్వాతే ఆసుపత్రికి వెళ్లిందని వాళ్లాయన చెప్పుకుని నవ్వేవాడు.

ఆవిడలో నన్ను కట్టిపడేసింది ఆ పట్టుదల కాదు. ప్రతి ఆదివారం వచ్చే వారం సంగతి ఎత్తకముందే, పోయిన వారం తాను చెప్పినదాంట్లో ఏది తప్పిందో చదువుతుంది. "మంగళవారం జల్లు పడదన్నాను, పడింది. బట్టలు తడిసినవాళ్లు నన్ను తిట్టుకోవచ్చు" అని, గొంతు సవరించుకుని, ముందుకు పోతుంది. తప్పు ఒప్పుకోవడానికి మేమందరం ఎన్ని వంకలు వెతుకుతామో తెలిసినదాన్ని కాబట్టి, నాకది ప్రతిసారీ వింతగానే ఉంటుంది.

మొన్న జూలైలో, అంటే మాకు నడి చలికాలంలో, రెండో ఆదివారం ఆవిడ వచ్చి టీ కూడా ముట్టకుండా మైకు ముందు కూర్చుంది.

"సోమ, మంగళవారాలు మామూలే. సముద్రం మీదినుంచి ఆగ్నేయపు గాలి, మబ్బు, రెండు మూడు మిల్లీమీటర్ల జల్లు. బుధవారం గాలి నైరుతికి తిరుగుతుంది. అది లోపలి ఎండునేల మీదుగా వచ్చే పొడిగాలి. గురువారం తెల్లవారేసరికి ఊళ్లో ఆరు డిగ్రీలని వాతావరణ శాఖవాళ్లు అంటున్నారు. ఊరికి అదే నిజం. ప్లమ్‌ట్రీ పల్లానికి మాత్రం నా లెక్క వేరు. అక్కడ ఒకటి, లేదా అంతకన్నా తక్కువ. గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. శాండల్‌వుడ్ రోడ్డు మెరక మీద ఉంది కాబట్టి వాళ్లకు భయం లేదు."

వెంటనే ఫోను మోగింది. లైన్లో రెంజో ఫవేరో. పల్లంలో పన్నెండెకరాల క్యాప్సికం, నిండా పిందెల మీద ఉంది.

"ఆంటీ, గడ్డమంచా? అరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా. ఫ్రీజర్లో తప్ప ఎక్కడా చూడలేదు."

"పదిహేడేళ్ల కింద నీ కింది మడిలో వంకాయ మాడిపోయింది రెంజో. నువ్వు తెగులన్నావు. ఆ పొద్దున అక్కడ సున్నా."

రెంజో లెక్కలోకి దిగాడు.

"సరే, పదికి ఎన్ని పాళ్లు?"

"పదికి ఏడు."

"మొక్కల్ని కాపాడాలని రాత్రంతా స్ప్రింక్లర్లు పెడతాననుకో, చలేమో రాదు. అప్పుడు ఆకులన్నీ తడిసి బూజు పడితే?"

"పడుతుంది. అందుకే ఏడన్నాను. పది అనలేదు."

బుధవారం వచ్చింది, గాలి తిరగలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి ఆవిడ గొడుగు దులుపుకుంటూ స్టూడియోలోకి వచ్చింది. "పాట ఆపగలవా లెనా? రెండే నిమిషాలు" అంది. ఆపాను.

"ఎల్వా మాట్లాడుతున్నాను. గురువారం అన్నది తప్పు. గాలి ఒకరోజు వెనకబడింది. చలి శుక్రవారం పొద్దున వస్తుంది. రేపటికి సిద్ధం చేసుకున్నవాళ్లు నన్ను క్షమించండి."

అరగంట గడిచిందో లేదో, బురద బూట్లతో రెంజో లోపలికొచ్చాడు. గురువారానికని ఇద్దరు మనుషుల్ని పిలిపించుకుని, పక్క ఊరి నుంచి ఇంకో పంపు తెప్పించుకున్నాడు.

"చలికి సెలవిచ్చేదీ నువ్వేనా ఆంటీ? రేపు మళ్లీ శనివారానికి మార్చవు కదా?"

"మార్చాల్సి వస్తే మారుస్తాను. నీతో మొహమాటానికి పోయి నీ పంట చంపమంటావా?"

రెంజోకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. "మరి నాకెలా తెలుస్తుంది?"

"రేపు సాయంత్రం చెత్త తగలబెట్టు. పొగ పక్కకు పోతే నిద్రపో. గాలి కదులుతున్నంతసేపు చలి కిందికి దిగదు. పొగ నిట్టనిలువుగా లేస్తే పంపు ఆన్ చెయ్యి."

గురువారం సాయంత్రం పల్లంలో ఐదారు చోట్ల పొగలు లేచాయి. అన్నీ తాడు కట్టి పైకి లాగినట్టు తిన్నగా పోయాయి.

శుక్రవారం తెల్లవారుతుండగా ఆవిడను నా బండిలో తీసుకెళ్లాను. రోడ్డు పక్క గడ్డి అంతా తెల్లగా, సున్నం చల్లినట్టుంది. పల్లంలో ఆవిడ ఎప్పుడో నాటిన కొయ్యకున్న థర్మామీటరు సున్నా పాయింట్ ఎనిమిది చూపిస్తోంది. ఆవిడ మురిసిపోలేదు. అంకె రాసుకుని, "రెంజో దగ్గరికి పోనీ" అంది.

రాత్రంతా చల్లిన నీళ్లు గడ్డకట్టి, మొక్కలన్నీ గాజు తొడుగులు వేసుకున్నట్టున్నాయి. రెంజో ఒక ఆకు మీది మంచుపెంకు గోటితో పగలగొట్టి మాకు చూపించాడు. ఆ పెంకే చలిని ఆకుదాకా రానివ్వలేదు, లోపల పచ్చగా ఉంది. నీళ్లు అందని కింది నాలుగు వరసలు మాత్రం పోయాయి.

"బూజు పడితే మళ్లీ నీ మీదికే వస్తా" అన్నాడు. అంటూనే తన కోటు తీసి ఆవిడ భుజాల మీద కప్పాడు.

అప్పుడే నా ఫోను మోగింది. శాండల్‌వుడ్ రోడ్డు నుంచి మోయా. తన తోటలో రెండు వందల బొప్పాయి చెట్ల ఆకులు ఉడికించినట్టు వేలాడిపోతున్నాయని చెప్పింది. నేను ఫోను ఆంటీ చేతికిచ్చాను. ఆవిడ విని, "వస్తున్నాను" అని మాత్రం అంది.

మోయా గేటు దగ్గరే నిలబడి ఉంది. అరవలేదు. "నువ్వు భయం లేదన్నావు ఆంటీ. నేను హాయిగా పడుకున్నాను."

"అన్నాను. తప్పు చెప్పాను మోయా." ఆవిడ ఎప్పటిలా గొంతు సవరించుకుని ముందుకు పోలేదు. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

తర్వాత ఆవిడ తోటంతా నడిచింది. పై వరసలు బాగానే ఉన్నాయి. దిగువన గుబురు కంచె చెట్ల దగ్గరికి వెళ్లేకొద్దీ చెట్లు నల్లబడ్డాయి. ఆవిడ అక్కడ ఆగి అడిగింది: "ఈ కంచె ఎప్పుడు వేశావు?"

"మూడేళ్లయింది. గాలి ఆపుతుందని."

"చలిగాలి బరువు తల్లీ, నీళ్లలాగే వాలుకు జారుతుంది. ఈ కంచె దానికి కట్ట అయింది. రాత్రంతా ఇక్కడ మడుగు కట్టింది. నేను వచ్చి చూసి ఉండాల్సింది. మూడేళ్లుగా ఈ దారిన పోతూనే ఉన్నాను."

ఆ ఆదివారం ఫోన్లు ఆగలేదు. అందరూ మెచ్చుకోవడానికే చేశారు. ఆవిడ మాత్రం రెంజో పంట ఊసే ఎత్తలేదు. పావుగంటలో పది నిమిషాలు మోయా తోట గురించే చెప్పింది. ఎవరి దిగువన గుబురు కంచె ఉందో వాళ్లు మెరకను నమ్ముకోవద్దంది. అడుగున కొమ్మలు కొట్టి చలికి దారి వదలమంది. ఆ వారం తీరం పొడుగునా రంపాల చప్పుడే.

కార్యక్రమం అయ్యేసరికి మోయా స్టూడియో బయట నిలబడి ఉంది. ఆంటీ ఆమె మొహం చూడలేక తల దించుకుంది.

"తిట్టడానికి రాలేదులే" అంది మోయా. "నీ దగ్గర ఇంకో థర్మామీటరు ఉందా?"

మధ్యాహ్నం ముగ్గురం కలిసి ఆ కంచె పక్కన గుంట తవ్వి కొయ్య నాటాం. ఆంటీ మోకాళ్ల మీద కూర్చుని థర్మామీటరు నడుమెత్తులో బిగించి, నీడ పడుతుందో లేదో మూడుసార్లు చూసుకుంది. మర్నాడు ఉదయం ఆరున్నరకు మోయా ఫోను చేసి మొదటి అంకె చెప్పింది: తొమ్మిది పాయింట్ నాలుగు. ఎల్వా ఆంటీ కొత్త పుస్తకం తీసి, మొదటి పేజీ పైన మోయా పేరు రాసి, దాని కింద ఆ అంకె వేసింది.