నిద్రలేవని తొమ్మిది కంప్యూటర్లు

నా బావమరిది, అందరూ ‘ఇంజనీరు బాబు’ అని పిలిచే ఆ పెద్దమనిషి, నా ఇంట్లో తిని నా నోట్లోనే మట్టి కొట్టబోయాడు. వాడికి స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పింది నేను. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి గనక, తను రెండు సర్టిఫికెట్లు గోడకు తగిలించగానే వాడికి చేదయ్యాను.

ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పదకొండేళ్లుగా కంప్యూటర్లు చూసేది నేనే. కిందటి నెల నేను జ్వరంతో పడుంటే వీడు వెళ్లి, పద్నాలుగింటికీ కొత్త ప్రాసెసర్లు పెట్టి, అవి నడవడానికి బోర్డుల్లో ఉండే బయాస్ అనే మూల ప్రోగ్రాం కూడా మార్చి వచ్చాడు. మర్నాటి నుంచి వాటిలో తొమ్మిదింటికి కుంభకర్ణుడి జబ్బు. ఆపరేటర్లు టీకి లేస్తే అవి స్లీప్‌లోకి పోతాయి. తిరిగొచ్చి తట్టిలేపితే ఫ్యాను తిరుగుతుంది, తెర వెలగదు. వైరు పీకాల్సిందే. కంపోజు చేసిన పేజీలు గంగపాలు.

“పవర్ బాక్సులు బలహీనపడ్డాయి మేడమ్. పద్నాలుగూ మార్చాలి,” అన్నాడు వాడు.

ప్రెస్సు యజమానురాలు నావైపు తిరిగింది. “మీరేమంటారు? ఈ పూట తేల్చకపోతే ఇకనుంచి పని ఈయనకే.”

“బాక్సులదే తప్పయితే మిగతా అయిదూ ఎలా లేస్తున్నాయమ్మా?”

“నీకర్థం కాదులే బావా. అదంతా లోడ్ లెక్క.”

“లెక్కలు నాకు రావులే. మూత విప్పడం వచ్చు.”

లేచేదాని పవర్ బాక్సు తీసి లేవనిదానికి పెట్టాను. లేవలేదు. ర్యామ్ మార్చాను. ఊహూఁ. టార్చి వేసి బోర్డు మూల చూస్తే దొంగ దొరికాడు. లేవని తొమ్మిదింటి మీదా 1.0 అని అచ్చు, లేచే అయిదింటి మీదా 2.0. అట్టపెట్టెల మీద పేరొక్కటే, బోర్డులు రెండు రకాలు. వీడు పెట్టె చూసి, రెండో రకం బయాస్‌ను అన్నిట్లోకీ కుక్కాడు.

“ఎక్కించేటప్పుడు ఇది నాది కాదు, వద్దని బోర్డు చెప్పలేదట్రా?”

“చెప్పింది బావా. అయినా ఎక్కించమని ఫోర్స్ నొక్కాను.”

“పిల్ల వద్దు మొర్రో అంటున్నా తాళి కట్టించావన్నమాట.”

ఆపరేటర్లు పగలబడి నవ్వారు.

“ఒక్క బోర్డు చచ్చినా ఖర్చు నాది,” అని యజమానురాలికి మాటిచ్చి, మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ తగిలించి, ఒకటో రకం బయాస్ ఎక్కించడం మొదలుపెట్టాను. ఈ బోర్డులు బయాస్ సగం రాసుకున్నాక తెర ఆర్పేసుకుని, మిగతాది చీకట్లో రాసుకుంటాయి. ఆ రెండు నిమిషాలూ చేతులు కట్టుకోవాలి, వైరు పీకితే బోర్డు చచ్చినట్టే. నేను కట్టుకున్నాను. ఎనిమిదీ బంగారంలా లేచాయి. తొమ్మిదోది చీకట్లో ఉండగా, లేచినవాటిని యజమానురాలికి చూపిస్తున్నాను.

“ఇది హ్యాంగయింది బావా!” వెనక నుంచి కేక. నేను తిరిగేలోపే వైరు వాడి చేతిలో ఉంది.

ఆ బోర్డు మళ్లీ కన్ను తెరవలేదు.

“పని మీదేనండీ,” అంది యజమానురాలు. “మరి బోర్డు?”

“మాటంటే మాటేనమ్మా.”

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, “చిన్నవాడు, తెలియక పీకాడు, పోనిద్దురూ,” అంది. పోనిచ్చాను. పోయింది ఆరువేల నాలుగువందల యాభై రూపాయలు.