గుండుగాడి కనురెప్ప

ఆ ఏడాదంతా కొత్తగూడ చుట్టూ బండలు పేలుతూనే ఉన్నాయి. మాదాపూర్ వైపు పెద్ద పెద్ద భవనాలు లేస్తున్నాయి. అందుకే గుండుగాడి కుడికన్ను కారడం మొదలైనప్పుడు బుచ్చమ్మ ఆ దుమ్మునే తిట్టుకుంది. గుండుగాడు ముఖం నిండా ముడతలున్న బొద్దు కుక్క. ఎండలోకి వస్తే చాలు, ఆ కన్ను మూసుకుని ముఖం కాళ్ల మధ్య దాచుకునేవాడు. బుచ్చమ్మ గోరువెచ్చని నీళ్లతో కన్ను తుడిచేది, మందుల దుకాణంలో ఇచ్చిన చుక్కలు వేసేది. పూటకల్లా మళ్లీ అదే కారుడు.

పైగదిలో కిరాయికి ఉండే స్వాతి కర్నూలు పిల్ల. కంప్యూటర్ ఆఫీసులో పని. ఒక పొద్దున ఆమే అంది.

"దుమ్ము గాదేమో అత్తా. వాన పట్టి దుమ్మంతా అణిగిపాయ. కన్ను మాత్రం కారుతానే ఉంది."

బుచ్చమ్మకు నిజమే అనిపించింది. "మరి ఏందంటవు బిడ్డా?"

"నాకేం తెల్సు? డాక్టరుకు చూపిద్దాం పా."

ఇద్దరూ గుండుగాడిని ఆటోలో ఎక్కించుకుని పశువుల దవాఖానకు పోయారు. డాక్టరు వెంకటనారాయణ కంట్లో ఒక రంగుచుక్క వేసి లైటు పట్టాడు. నల్లగుడ్డు మీద సన్నని ఆకుపచ్చ మచ్చ కనబడింది.

"అది గాయమమ్మా. ఇప్పుడు ఇటు చూడండి," అని కింది రెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగాడు. లోపలికి ముడుచుకుపోయిన అంచు విచ్చుకుని, తడిసిన వెంట్రుకలు బయటికి వచ్చాయి. "రెప్ప వేసినప్పుడల్లా ఇవి కంటిని గీస్తున్నాయి. ఎన్ని చుక్కలు వేసినా వెంట్రుక అక్కడే ఉంటుంది కదా."

తన కంట్లో చిన్న నలుసు పడితేనే ఓర్చుకోలేదు బుచ్చమ్మ. గుండుగాడి తల ఒళ్లోకి తీసుకుంది. "కన్ను పోతదా సారూ?"

"పోదు. గాయం పైపైనే ఉంది. రెప్ప కింద కొంచెం చర్మం తీసి కుట్లేస్తే అంచు బయటికి తిరుగుతుంది."

ఆపరేషన్ అయ్యాక, గోక్కోకుండా మెడకు వెడల్పాటి అట్ట కట్టి పంపారు. దానితో గుండుగాడు తలుపులకు తగులుకుంటూ తిరిగాడు. గిన్నెలోకి మూతి అందకపోతే బుచ్చమ్మే ముద్దలు చేసి పెట్టింది. స్వాతి ఆఫీసు నుంచి రాగానే చుక్కలు వేసేది.

కుట్లు విప్పిన మరునాడు బుచ్చమ్మ వాకిట్లో వడియాలు ఎండబెట్టింది. గుండుగాడు నిండు ఎండలో రెండు కళ్లూ తెరిచి కూర్చున్నాడు. గోడ మీద కాకి వాలింది. వాడు ఒక్క ఉరుకున దాన్ని తరిమి, వడియాలన్నీ తొక్కుకుంటూ వెనక్కి వచ్చాడు.

"మంచిగ కనవడుతున్నదిర నీకు," అంటూ నవ్వి, విరిగిన వడియాలు ఏరుకుంది బుచ్చమ్మ.