పదకొండున్నర నిమిషాల మన్ను

ఆర్డెల్ స్టెన్స్‌రుడ్‌ను ఏదైనా అడిగితే, జవాబు వచ్చేలోపు కాఫీ చల్లారిపోతుందని ఆ ఊళ్లో చెప్పుకునేవారు. అందులో అబద్ధం పెద్దగా లేదు. ఉత్తర డకోటాలోని ఆ చిన్న ఊరి విశ్వవిద్యాలయంలో ఆయన ఇరవయ్యారేళ్లుగా మట్టి పాఠం చెబుతున్నాడు. చెబుతున్నాడన్నది మాటవరసకే. పొలంలో యంత్రంతో తవ్వించిన నిలువెత్తు గుంటలోకి పిల్లల్ని దింపి, తలా గుప్పెడు మన్ను చేతిలో పెట్టి, నాలుగు చుక్కల నీళ్లు పోసి, "పిసకండి" అనేవాడు. ఆపైన చాలాసేపు ఏమీ అనేవాడు కాదు.

మన్ను మెత్తటి ముద్దయ్యాక బొటనవేలితో చూపుడువేలి మీదుగా నెడితే నాడాలా సాగుతుంది. వేలిగోరంత సాగి తెగిపోతే గరప మన్ను. వేలి పొడవున వేలాడితే బంకమన్ను. గరపలో నీళ్లు ఇంకుతాయి, బంకలో ఇంకవు. ఈ పాఠం చదివినవాళ్లే రేపు ఊళ్లమీదికి వెళ్లి, ఏ ఇంటి మురుగుగుంట ఎక్కడ తవ్వాలో చెబుతారు. వాళ్ల వేళ్లు పొరబడితే ఎవరి మురుగు వాళ్ల పెరట్లోనే తేలుతుంది.

ఆయన కొలువు ఏ ఏటికాయేడు సంతకంతో సాగేది. ఆ ఆగస్టులో సంతకానికి వెళితే విభాగాధిపతి మార్లిస్ జోర్డె కుర్చీ చూపించింది. పంతొమ్మిదేళ్ల కిందట ఆమె ఆయన గుంటలో మన్ను పిసికిన పిల్లే. ఇప్పుడు ఆమె బల్లమీద రెండు తెరలు, ఒక తడి గుడ్డ. తెరల మీద దుమ్ము పడితే ఆమెకు పడదు.

"మాస్టారూ, ఈ ఏడు పాఠాలన్నీ వీడియోల్లోనే. పిల్లలు ఇంటి దగ్గర చూసుకుంటారు. గుంట దగ్గరికి ఒక్కరోజే, అదీ పరీక్షకి."

"మన్ను?"

"చిన్న సంచుల్లో పంచుదాం. మీరు తెరమీద పిసికి చూపించండి, చూసి వాళ్లు పిసుకుతారు."

ఆర్డెల్ టోపీ ఈ మోకాలి మీంచి ఆ మోకాలికి మార్చాడు.

"ఇంకొక్క మాట. వీడియో పాఠాల్ని చివరిదాకా చూసేవాళ్లు నూటికి అరవై దాటాలి. దాటకపోతే పాఠాన్నే ఎత్తేస్తామంటున్నారు డీన్. నా చేతుల్లో లేదు."

"ఎవరు చూశారో ఎలా తెలుస్తుంది?"

"యంత్రమే లెక్కపెట్టుకుంటుంది."

వీడియోలు తీసే పని షానా ఫ్రైట్‌ది. ముప్పై ఏళ్లుండవు, చురుకైన పిల్ల. ఎవరికీ చెడు తలపెట్టేది కాదు. ఆర్డెల్ కాలరుకు మైకు తగిలించి, బల్లమీద మన్ను పోసి, కెమెరా తిప్పింది. ఆయన యాభై నిమిషాలు పాఠం చెప్పాడు. అంతా అయ్యాక షానా తెరమీద గీతలు చూసి బుగ్గ నొక్కుకుంది.

"మాస్టారూ, ఇందులో ముప్పై ఎనిమిదిన్నర నిమిషాలు మీరు నోరే విప్పలేదు!"

"పిసుకుతున్నాను."

"అది నాకు తెలుసు. పాపం, పిల్లలు ఫోను పక్కన పడేసి పడుకుంటారు. కంగారుపడకండి, దీనికీ ఒక మందుంది." ఒక మీట నొక్కింది. "మాట లేని చోటల్లా ఇదే ఏరి పారేస్తుంది."

మిగిలింది పదకొండున్నర నిమిషాలు. అందులో ఆర్డెల్ కీ ఇచ్చిన బొమ్మలా గబగబా మాట్లాడుతున్నాడు. తల ఎడమ నుంచి కుడికి ఎగిరి పడుతోంది. మన్ను తీసుకున్నాడు, నీళ్లు పోశాడు, రెండుసార్లు నొక్కాడు, మరుక్షణం చేతిలోంచి జానెడు నాడా వేలాడుతోంది.

ఆయన దాన్ని రెండోసారి వేయించుకుని చూశాడు. ముద్ద అయ్యే ముచ్చటే అందులో లేదు. పొయ్యి వెలిగించకుండానే అన్నం ఉడికినట్టుంది. ఆ మాట అనడానికి నోరు తెరిచాడు. ఈలోపే షానా, "ఎంత హుషారుగా ఉన్నారో చూడండి!" అంది. ఆయనకు అరవై గుర్తొచ్చింది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఇంటి దగ్గర భార్య వెర్నా కూడా చూసింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. "ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఇన్ని మాటలు ఒక్కచోట వినలేదు. ఆ మీట మనింటికీ ఒకటి తేకూడదూ?" అంది.

సెప్టెంబరు గడిచేసరికి లెక్క తేలింది. నూటికి తొంభై ఏడుమంది చివరిదాకా చూశారు. విశ్వవిద్యాలయం మొత్తంలో అదే మొదటి స్థానం. తత్వశాస్త్రం ఆచార్యుడికి నలభై రెండు వచ్చింది. ఆయన ఆర్డెల్‌కు హాల్లో ఎదురుపడి, "మట్టి చేతిలో ఓడిపోయాను" అని చేయి కలిపి వెళ్లాడు. అధ్యాపకులందరికీ భోజనం పెట్టి, పిల్లల్ని కదలనీయకుండా కూర్చోబెట్టడం ఎలాగో చెప్పమని ఆర్డెల్‌ను వేదిక ఎక్కించారు. ఆయన మైకు ముందు కాసేపు నిలబడ్డాడు.

"నేను చేసిందేమీ లేదు," అన్నాడు.

ఇంకా ఏమైనా అంటాడేమోనని చూశారు. అనలేదు. చప్పట్లు మారుమోగాయి. "చూశారా, అదీ క్లుప్తత అంటే!" అంది షానా పక్కవాళ్లతో.

ఆ మర్నాడే మార్లిస్ పిలిపించింది. ముఖం వెలిగిపోతోంది.

"మాస్టారూ, పై ఏటి నుంచి మీ వీడియోలు మన నాలుగు ప్రాంగణాల్లోనూ వేస్తారట! పరీక్ష దగ్గర నిలబడేందుకు ఎవరో ఒక విద్యార్థి చాలునంటున్నారు డీన్."

"మరి నేను?"

మార్లిస్ తడి గుడ్డ అందుకుని, మచ్చలేని తెరను తుడిచింది. "మీ పాఠం ఉంటుంది, మాస్టారూ. ఎక్కడికీ పోదు."

"పాఠం ఉంటుంది," అన్నాడు ఆర్డెల్. లేచి, టోపీ పెట్టుకుని వచ్చేశాడు. పాఠం నిలబడాలని నోరు మూసుకుంటే, పాఠం నిలిచి తనే పోతున్నాడు. ఈ సంగతి నవ్వాల్సిందో ఏడవాల్సిందో బండి నడుపుతూ తేల్చుకోలేక, ఇంటి మలుపు దాటి రెండు మైళ్లు ముందుకు పోయాడు.

అక్టోబరు మూడోవారంలో పరీక్ష. గడ్డిమీద మంచు పేరుకుని ఉంది. నలభై మంది పిల్లలు వంతులవారీగా గుంటలోకి దిగారు. పరీక్షలో ఎవరూ మాట్లాడకూడదన్నది ఆర్డెల్ పెట్టిన నియమమే. ఆయన గట్టుమీద నిలబడి వాళ్ల ముఖాలు కాక చేతులు చూశాడు. మన్ను తీశారు, నీళ్లు పోశారు, రెండుసార్లు నొక్కారు. పొడిపొడి ముక్క వేలిగోరంత సాగి రాలిపోయింది. పలకలాంటి తెరమీద 'గరప' అని నొక్కి, చేతులు ప్యాంట్లకు తుడుచుకుని పైకెక్కారు. ఇరవయ్యారేళ్లలో అంత చకచకా పరీక్ష ముగించిన తరగతి లేదు.

కాయా వోస్బర్గ్ అనే అమ్మాయి ఒక్కతీ వెనక్కి వచ్చింది. ప్రతి వీడియో మూడుసార్లు చూసిన పిల్ల.

"మాస్టారూ, ఇది గరపే కదా? నేను మీలాగే నొక్కాను. సరిగ్గా రెండుసార్లు."

"నేనెన్నిసార్లు నొక్కాను?"

"రెండే. కావాలంటే చూపిస్తా, నా ఫోన్లో ఉంది."

ఆర్డెల్ ఆ ఫోను చూడలేదు. మంచుకు ఎర్రబడిన ఆ పిల్ల వేళ్లు చూశాడు. తప్పు ఆ వేళ్లది కాదు.

ఆ గుంటలోది బంకమన్ను. ఆ లోయ లోయంతా బంకమన్నే. నలభై మందిలో సరైన జవాబు ఇద్దరే రాశారు. ఒకడు కుండల తరగతికి వెళ్తున్నవాడు. రెండోవాడు చేతి తొడుగులు మరిచిపోయి, చలికి చేతులు వేడెక్కుతాయని మన్నును పావుగంట పిసుకుతూ నిలబడ్డవాడు.

సాయంత్రానికి షానా ఫోను చేసింది. "మాస్టారూ, మీ ప్రశ్నకు ఎర్రజెండా పడింది! బాగా చదివే పిల్లలంతా తప్పు రాస్తే తప్పు ప్రశ్నదేనని యంత్రం లెక్క. జవాబు 'గరప' అని అదే దిద్దేసింది. రేపు మధ్యాహ్నం మార్లిస్ గారు ఒప్పుకుంటే ముప్పై ఎనిమిది మందీ గట్టెక్కినట్టే."

"మిగతా ఇద్దరూ?"

"వాళ్లు తప్పుతారు. ఇద్దరేగా!"

మర్నాడు ఆర్డెల్ మార్లిస్ గదిలోకి వెళ్లి కూర్చోకుండా నిలబడ్డాడు. "గుంట దగ్గరికి రా," అన్నాడు.

"మాస్టారూ, పన్నెండుకల్లా నేను ఒప్పుకోవాలి. డీన్ ఫోను చేస్తారు. ముప్పై ఎనిమిది మంది ఒకటే మాటంటుంటే..."

"మన్ను ఏమంటుందో విను."

ఆయన నోటి నుంచి అది పెద్ద ప్రసంగం. ఆమె కోటు వేసుకుంది.

మడమ ఎత్తు బూట్లతో నిచ్చెన దిగడానికి మార్లిస్ రెండుసార్లు ఆగింది. ఆర్డెల్ గుంట గోడలోంచి ఒక గడ్డ విరిచి ఆమె అరచేతిలో పెట్టి నీళ్లు చిలకరించాడు. ఆమె నొక్కింది. వేలిగోరంత వచ్చి రాలింది.

"గరపే కదండీ!"

"పిసుకు."

"ఎంతసేపని?"

ఆయన ఆమె వేళ్లకేసి చూపించాడు. ఆమె పిసికింది. గట్టి గట్టి పలుకులు వేళ్ల కింద ఇసుకలా కరకరమంటున్నాయి. పైన బాతుల గుంపు దక్షిణానికి అరుచుకుంటూ పోయింది. ఆమె ఏదో చెప్పబోయి, ఆయన ఎటో చూస్తుంటే మానుకుంది. ఇంకొన్ని చుక్కలు పోశాడు. పలుకులు ఒక్కొక్కటే నలుగుతున్నాయి. కరకర తగ్గింది. మరి కాసేపటికి చేతిలోది చలిమిడి ముద్దలా మెత్తబడి వేళ్లకు అంటుకుంది. ఆమె మాట్లాడటం మానేసి చాలాసేపయింది. తలవంచి బొటనవేలితో మెల్లగా నెట్టింది. నాడా సాగింది, వేలు దాటింది, ఒంగింది. తెగలేదు.

"అయ్యో," అంది మార్లిస్. కాసేపు దాన్నే చూసింది. "ఇది నాకు తెలుసు. నా వేళ్లకు తెలుసు. ఎలా మరిచిపోయాను?" ఆపైన తలెత్తింది. "వీడియోలో ఇదంతా ఏమైంది?"

"ముప్పై ఎనిమిదిన్నర నిమిషాలు. ఏరి పారేశారు."

"మీరు చూశారా?"

"ఆరోజే చూశాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆర్డెల్ టోపీ తీసి లోపలి అంచు చూశాడు. "అరవై దాటాలన్నావుగా. దాటితే చాలనుకున్నాను. అందులో నా తప్పూ ఉంది."

"బాగుంది! ఊరంతా మీ మౌనం గొప్పదంటారు. నోరు విప్పాల్సినచోట కూడా అదేనా? ముప్పై ఎనిమిది మంది పిల్లలు, మాస్టారూ!"

ఆయన తలూపాడు. చీవాట్లు న్యాయమైనవే.

కోటు జేబులో ఫోను మోగింది. మార్లిస్ రెండు చేతులూ మణికట్ల దాకా మన్నే. ఆర్డెల్ తీసి, మీట నొక్కి ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు. డీన్ గొంతు గుంటంతా వినిపిస్తోంది. జవాబు దిద్దారా అని అడుగుతున్నాడు.

"దిద్దడానికి లేదు సార్. జవాబు సరైనదే. వీడియోనే తప్పు."

"తొంభై ఏడు వచ్చిన వీడియో తప్పా? పోనీ, సరైన వీడియో ఎన్ని నిమిషాలొస్తుంది?"

"యాభై. అందులో ముప్పై ఎనిమిది మాట వినబడదు."

"దాన్నెవరు చూస్తారమ్మా?"

"ఎవరూ చూడరు సార్. ఎదురుగా మనిషి నిలబడి పిసికించాలి. ఈ పాఠాన్ని వీడియోల పట్టికలోంచి తీసేస్తున్నాను. పట్టికలో లేనిదానికి మీ అరవై లెక్క పట్టదు."

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. లైను తెగిందనుకుని ఆర్డెల్ ఫోను దించబోయాడు. మార్లిస్ తల అడ్డంగా ఊపింది, ఉంచమన్నట్టు. చివరికి, "పై ఏటికి కూడా ఆయన్నే ఉంచాలంటావు," అన్నాడు డీన్.

"ఆయన్నే."

"మొదటి స్థానం పోతుంది."

"తత్వశాస్త్రానికి ఇచ్చేయండి సార్. వాళ్లు సంతోషిస్తారు."

ఫోను పెట్టేశాక ఆమె చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడగలేదు. ముద్దను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ, "మరి ఆ ముప్పై ఎనిమిది మంది సంగతేమిటి? మళ్లీ నేర్పి, మళ్లీ పరీక్ష పెట్టాలి. మీకెన్ని రోజులు కావాలి?" అంది.

ఆర్డెల్ గుంట గోడ మీద చెయ్యి వేసి చూశాడు. పై బెత్తెడు అప్పుడే రాయిలా ఉంది.

"నేల గడ్డకట్టేలోపు ఎన్ని దొరికితే అన్ని."

"అయితే పిల్లలకు ఇవాళే కబురు పెడతాను. రేపు ఏడింటికి."

"ఆరింటికి," అన్నాడు ఆర్డెల్.