ఒక చెయ్యి పొడుగు కోటు

తలుపు సగం తెరుచుకుంది. సగం తెరుచుకున్న తలుపంటే ఆమేన్‌గారికి భయం లేదు. పూర్తిగా తెరుచుకున్నదంటేనే గుండె దడ. అప్పుడు మాట్లాడాలి కదా.

"నమస్కారమండీ. మీకు ఒక మంచి మాట చెప్పుటకు వచ్చితిని," అన్నాడు.

ఇల్లాలు చేతిలో తడిగుడ్డతోనే అతన్ని ఎగాదిగా చూసింది. "నిన్నా వచ్చితివి. మొన్నా వచ్చితివి. ఆ మంచి మాటేదో ఇవాళైనా చెప్పెయ్ నాయనా, పొయ్యి మీద పాలున్నాయి."

అతను నేర్చుకున్న ఆ మొదటి వాక్యం తర్వాత ఇంకో వాక్యం ఉంది. పొద్దున అద్దం ముందు తల దువ్వుకునేటప్పుడు కూడా ఉంది. ఇప్పుడు నోరు తెరిస్తే నాలుక తప్ప ఏమీ లేదు. లోపల పాలు పొంగిన వాసన వచ్చింది.

"ఆమేన్," అన్నాడు నిస్సహాయంగా.

తలుపు పడింది.

మీసం సరిగ్గా మొలవకముందే, సువార్త చెప్పమని మిషన్ వాళ్లు దూరదేశం నుంచి పంపిన కుర్రాడు. తల్లి పెట్టిన పేరు ఈ ఊళ్లో ఎవరి నోరూ తిరగలేదు. బస్సు దిగిన రోజున అతనికి ఇక్కడి భాషలో వచ్చిన మాట ఒకటే. పెట్టె మోసేవాడు "ఎక్కడికి బాబూ?" అంటే "ఆమేన్" అన్నాడు. కూరలమ్మే ఆమె "కిలోనా, అరకిలోనా?" అంటే "ఆమేన్" అన్నాడు. ఆమె ఇదే సందని బుట్టెడు టమాటాలు తూచిపారేసింది. ఆ వారమంతా మిషన్ ఇంట్లో పొద్దునా టమాటాయే, రాత్రీ టమాటాయే. అతనితో కలిసి ఉండే పెద్ద బ్రదరు చెమట కూడా ఎర్రగా కారిందని చెప్పుకుంటారు. చూసినవాళ్లెవరూ లేరు గానీ, నమ్మనివాళ్లు కూడా లేరు. అలా పేరు స్థిరపడిపోయింది.

భాష నేర్పే భారం పెద్ద బ్రదరుదే. ఆయన మంచివాడే. గురక పెడితే గోడమీది గడియారం ఆగిపోతుందన్న మాట అటుంచితే, వంక పెట్టడానికి లేదు. అన్నిటికంటే ముందు ఆయన కుర్రాడి చేత సమాధి ప్రార్థన బట్టీ పట్టించాడు. "మిగతావన్నీ పుస్తకం చూసి చదవొచ్చు. చావు మాత్రం చెప్పి రాదు తమ్ముడూ," అన్నాడు.

కానీ మొదట వచ్చింది చావు కాదు, మంగలి కొత్త షాపు. తెరిచే రోజున మంగలి ఎదురొచ్చి, "బాబూ, నా షాపుకి నీ నోటితో ఒక్క ముక్క," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. పెద్ద బ్రదరు ఊళ్లో లేడు. ఆమేన్‌గారు కొత్త తిరుగుడు కుర్చీ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, తనకు వచ్చిన ఒక్క ప్రార్థననూ తడబడకుండా చదివాడు. ఈ దేహమును మట్టికి అప్పగించుచున్నాము అన్నాడు. దీని ప్రయాసము ముగిసెను అన్నాడు. మంగలి కత్తెర జారి కాలిమీద పడింది. మర్నాటి నుంచి సమాధైన కుర్చీని చూడ్డానికి పక్క వీధులవాళ్లు కూడా గడ్డాలు పెంచుకుని మరీ వచ్చారు. షాపు అద్భుతంగా నడిచింది. అయినా అతను ఎదురైతే మంగలి ఇప్పటికీ మెడ తడుముకుంటాడు.

ఈ రోజు సంగతి మాత్రం నవ్వులాట కాదు. సాయంత్రం బస్సుకి పైనుంచి మిషన్ పెద్దయ్యగారు వస్తున్నారు. ప్రార్థన కూటంలో కుర్రాడు పుస్తకం చూడకుండా, బట్టీ పట్టింది కాకుండా, సొంత మాటల్లో కాసేపు మాట్లాడాలి. మాట్లాడితే ఇక్కడే ఉంటాడు. లేకపోతే తిరుగు బస్సులో పెద్దయ్యగారితో బయల్దేరి, ప్రధాన కార్యాలయం వెనకగదిలో పుస్తకాల కట్టలు కట్టుకోవాలి. వచ్చిన కొత్తలో ఈ మాట వింటే ఎగిరి గంతేసేవాడే. ఇప్పుడు ఏ ఇంటి మెట్టు కదులుతుందో, ఏ కుక్క ఉత్తుత్తినే మొరుగుతుందో తెలిసిపోయింది. తెలిసిన చోటును వదిలిపోవడం తెలియని చోటికి రావడంలా ఉండదు. పైగా ఇక్కడ దర్జీ తాత ఉన్నాడు.

మధ్యాహ్నం ఊరంతా తలుపులు మూసుకున్నాక అతను దర్జీ కొట్లోకి వచ్చాడు. అది కొట్టనడానికి లేదు, ఇంటి ముందుగది. కిటికీ కింద కుట్టుమిషను, మూలన ఇస్త్రీ బల్ల, గోడకి ఎవరూ పట్టుకెళ్లని ప్యాంట్లు. నేలంతా పేలికలు. కిటికీ చట్రానికి గుడ్డముక్కలు కూరిన పాత మేజోడు ఒకటి వేలాడుతుంది. అందులో సూదులు. మొదటిసారి ఈ గుమ్మం ఎక్కి "ఒక మంచి మాట" అనగానే దర్జీ ఒక సూదీ దారప్పోగూ అతని ముందు పెట్టాడు. "దేవుడెక్కడికీ పోడు. ముందు దీన్లో దారం ఎక్కించు. నాకు బెజ్జం కనపడి చాలాకాలమైంది." ఆ రోజు నుంచీ తాతకి కావలసిన దారాలన్నీ సూదులకి ఎక్కించి మేజోడుకి గుచ్చి వెళ్లడం ఆమేన్‌గారి పనైంది. సూదిలో దారం వెళుతున్నంతసేపూ మాటలూ వెళ్లేవి. తప్పు మాట్లాడితే తాత స్కేలుతో బల్ల మీద కొట్టి ఆపేవాడు.

"రావయ్యా ఆమేన్! ఏదీ, ఆ గుడారం?" అన్నాడు దర్జీ.

గుడారమంటే కోటు. సాయంత్రానికని, దానంగా వచ్చిన పాత బట్టల పెట్టెలోంచి పెద్ద బ్రదరు తీసిచ్చాడు. అందులో అతను కాక ఇంకొకరు అద్దెకి దిగొచ్చు. చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి.

"ఇది ఎవరిదో నాకు తెలుసు," అన్నాడు దర్జీ, టేపు మెడలోంచి తీస్తూ. "ఆ మనిషికి కొలత తీసుకోడానికి నేను నిచ్చెనెక్కా. భుజం దగ్గర కొలిచి దిగేలోపు చలికాలం వచ్చేసింది. మళ్లీ మొదట్నించి ఉన్ని గుడ్డతో కుట్టా."

"అబద్ధం," అన్నాడు ఆమేన్‌గారు నవ్వుతూ.

"ఆ మాట మాత్రం ఎంత చక్కగా పలుకుతావురా! మిగతావి కూడా అలాగే అనొచ్చుగా. చూడు, నీదీ మిషనే, నాదీ మిషనే. నాది తొక్కితే నడుస్తుంది. నిన్నెవరు తొక్కాలో తెలీట్లేదు."

ఇస్త్రీ బల్ల దగ్గర కాజాలు కుడుతున్న కోడలు తల ఎత్తింది. "పొద్దున్నించీ గుండె రుద్దుకుంటున్నాడు బాబూ. కాసేపు నడుం వాల్చమంటే వినడు. నువ్వైనా చెప్పు."

"వాలిస్తే ఈ చేతులెవరు కుడతారే? నువ్వు కుడితే ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ వస్తుంది. పిల్లాడు వెనక్కి నడుస్తూ వాక్యం చెప్పాలి."

"ఆఁ, మీ అబ్బాయి పెళ్లి ప్యాంటు ఎవరు బిగుతుగా కుట్టారో అడగండి. ఆ రోజంతా నిలబడే ఉన్నాడు," అంది కోడలు. దర్జీ వినపడనట్టు సూది కోసం చెయ్యి చాచాడు.

కుడిచెయ్యి పూర్తయింది. ఎడమచేతికి బూడిదరంగు దారం కావాలన్నాడు. ఆమేన్‌గారు పోగు కొన నోట్లో తడిపి, సూది వెలుతురుకి పట్టి, ఒక్క ప్రయత్నంలో ఎక్కించి ఇచ్చాడు. తాత కోటు ఒళ్లో వేసుకుని, పాత కుర్చీలో వెనక్కి వాలి, చేత్తోనే అంచు కుట్టడం మొదలెట్టాడు. కళ్లు అవసరం లేదు. వేళ్లకి దారి తెలుసు.

"ఇవాళ ఏం మాట్లాడతావు?"

"తెలీదు తాతగారూ."

"నాతో చెప్పు. తప్పొస్తే ఆపుతా. అయితే ఒక షరతు. మంగలోడి కుర్చీకి చదివావే, అది వద్దు. అది నాకు దాచిపెట్టు. నాకైతే సరిగ్గా అతుకుతుంది." నవ్వి, కళ్లు మూసుకున్నాడు. "కానీ. కళ్లు మూస్తే చెవులు బాగా పనిచేస్తాయి."

కోడలు టీ పెట్టడానికి లోపలికెళ్లింది. ఆమేన్‌గారు మేజోడు దగ్గరకి లాక్కుని, నల్లదారం ఒకటి, తెల్లదారం ఒకటి ఎక్కిస్తూ మొదలుపెట్టాడు. మొదట వాక్యం వెతుక్కున్నాడు. ఆ తర్వాత వెతకడం మర్చిపోయాడు. ఇంటి దగ్గర అమ్మ బట్టలారేసే తీగ గురించి చెప్పాడు. బస్సు దిగిన రాత్రి బాత్రూములో నీళ్లు వదిలి, ఆ చప్పుడులో ఏడ్చిన సంగతి చెప్పాడు. ఏదో ఇద్దామని వస్తే పుచ్చుకునేవాళ్లే కనపడలేదని, ఒక గదిలో మాత్రం తనకే ఒక సూది ఇచ్చారని చెప్పాడు. దేవుడు ఎలా ఉంటాడో తనకి తెలియదు గానీ, తప్పు మాట్లాడినా మర్నాడు మళ్లీ రానిస్తాడని నమ్మకముందని చెప్పాడు. స్కేలు చప్పుడు కాలేదు. అతనికి లోపల సంతోషం పొంగుతోంది. ఇంతసేపు తాత ఎప్పుడూ ఊరుకోలేదు. ఎండ కిటికీలోంచి జరిగి మిషను చక్రం మీదకొచ్చింది. మాట తర్వాత మాట, పోగు తర్వాత పోగు, తడుముకోకుండా వెళ్లాయి.

"ఒక్క తప్పు కూడా లేదా తాతగారూ?"

దర్జీ పలకలేదు. మంచి పని చేసి అలసినవాడిలా ముఖం కొంచెం పక్కకి వాలి ఉంది. కోడలు టీ గ్లాసులతో వచ్చి, మామగారి వైపు చూసి, గ్లాసులు రెండూ నేలమీద మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టింది.

"మామయ్యా," అంది. ఆ తర్వాత గట్టిగా అంది.

పొద్దు వాలేలోపే అన్నీ అయిపోవాలన్నారు పెద్దవాళ్లు. కొడుకు పనిలోంచి పరిగెత్తుకొచ్చాడు. కూటం సంగతి ఎవరికీ గుర్తులేదు. బస్సు దిగిన పెద్దయ్యగారు చేతిసంచీతోనే శ్మశానానికొచ్చి జనంలో నిలబడ్డారు. ప్రార్థన తను చేస్తానని పెద్ద బ్రదరు పుస్తకం తీశాడు. కోడలు అడ్డొచ్చింది.

"మా మామయ్య ఆ బాబు ప్రార్థనే మాట్లాడుకున్నాడండీ. వేరేవాళ్లు వద్దు."

ఆమేన్‌గారు గుంత దగ్గరకి వచ్చాడు. వేరే కోటు లేక అదే వేసుకున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర చక్కగా ఆగింది. ఎడమది వేళ్లు కప్పేసి వేలాడుతోంది. "ఈ దేహమును మట్టికి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మంగలి తల దించుకున్నాడు. ఆ ప్రార్థనకి సరైన చోటు దొరికింది ఇవాళే. కానీ అది ఒక కుర్చీకి చదివినది. తాతకి అది ఇవ్వబుద్ధి కాలేదు.

"ఈయన నన్ను రోజూ తిట్టేవాడు," అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. కోడలు ఆపుకోలేదు, నవ్వుతూనే ఏడ్చింది. "నాకు మాటొచ్చేదాకా కూర్చుని ఆగిన మనిషి ఈయనే. ఇవాళ చాలా చెప్పాను. విన్నాడనుకున్నాను. ఎక్కడిదాకా విన్నాడో తెలీదు. దేవుడా, మిగతాది నువ్వు చెప్పు. ఇంకోటి. ఈయనకి సూది బెజ్జం కనపడదు. అడగడు, వేళాకోళం చేస్తాడు. నువ్వే చూసుకుని ఎక్కించిపెట్టు." తల వంచి, "ఆమేన్," అన్నాడు.

"ఆమేన్," అన్నారంతా. ఇన్నాళ్లూ ఊరంతా తిరిగి పంచిన మాటని ఊరు అతనికి మొదటిసారి తిరిగిచ్చింది.

మట్టి వేశాక జనం పలచబడ్డారు. పెద్దయ్యగారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "పుస్తకంలో ఇలా లేదు," అన్నారు. పెద్ద బ్రదరు ఏదో సర్దిచెప్పబోయాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "తిరుగు బస్సులో నాకొక్కడికే చోటు చూడవయ్యా."

ఆమేన్‌గారు విన్నాడు. తల ఊపాడు. సంతోషం తర్వాత వస్తుందేమో, ఇప్పుడు మాత్రం రాలేదు.

దారిలో కోడలు అతని పక్కకొచ్చి నడిచింది. "ఆ కోటు ఇలా ఇవ్వు బాబూ. నాలుగు కుట్లేగా, నే వేసిస్తా."

"ఉండనీ అక్కా," అన్నాడు, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంటూ.

ఎడమచేతి అంచున, తాత ఆపిన కుట్టు దగ్గర, బూడిదరంగు దారానికి సూది ఇంకా వేలాడుతోంది.