ఒక్క ‘ఆయ్’ కోసం

పదకొండు కొట్టకముందే షుచిన్ రెండుసార్లు చచ్చిపోయింది. ఒకసారి విషం తాగి, ఇంకోసారి మేడమెట్ల మీంచి దొర్లి. మూడో చావుకు ముందు గోరువెచ్చని నీళ్లు రెండు గుక్కలు తాగి, మైకుకు జానెడు దూరంలో నిలబడింది.

బీజింగ్‌లో ఆ డబ్బింగ్ గదిలో అందరూ అందరినీ టీచర్ అనే పిలుస్తారు. టీ తెచ్చేవాడు కూడా టీచరే. తాంగ్ షుచిన్‌కు అరవై రెండేళ్లు. పొట్టి మనిషి, సన్నని మెడ, నవ్వితే పై చిగురు కనిపిస్తుంది. ముప్పై అయిదేళ్లుగా తెరమీది ముసలి దాసీలకూ మంత్రసానులకూ గయ్యాళి అత్తలకూ గొంతు అరువిస్తోంది. ఆ గొంతు దేశమంతా ఎరుగుదురు, మనిషిని మాత్రం పక్కింటివాళ్లు కూడా ఎరగరు.

మూడు రోజులుగా ఆమెకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎందుకు లేచిందో తెలియడం లేదు. కారణం ఈ మూడో చావే. ఇప్పుడు గొంతిస్తున్న సీరియల్‌కు మూలమైన ప్రేమ నవలలో సేనాపతీ అతను వలచిన అనాథ పిల్లా ఎంత ముఖ్యమో, ఆ పిల్లను పెంచిన ఆయా కూడా అంతే ముఖ్యం. పిల్ల ఆమెను ఎప్పుడూ ‘మోమో’ అనే పిలుస్తుంది. అంటే పెద్దింటి ముసలి ఆయా అని. ఆయా ప్రాణం పోయే ఘడియలో మాత్రం మొదటిసారి ‘నియాంగ్’ అంటుంది, అమ్మా అని. ముసలిది కళ్లు తెరిచి ‘ఆయ్’ అని పలికి వెళ్లిపోతుంది.

అక్కడ ఎవరైనా అమ్మా అని పిలిస్తే ఆయ్ అని నోరారా పలకాలి. కొత్తకోడలు పెళ్లినాడు అత్తను అలా పిలిచినప్పుడు విందుకొచ్చినవాళ్లంతా వినేలా పలుకుతారు. పలకలేదంటే ఆ పిలుపు అక్కర్లేదన్నట్టే.

షుచిన్ ఒకసారి పలకలేదు. పెళ్లయిన రెండో నెలలో, భర్త మొదటి భార్య కూతురు పెయ్‌వెన్, ఏడేళ్ల పిల్ల, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గోడ గీరుతూ అమ్మా అంది. మర్నాడు పెద్ద రికార్డింగ్ ఉంది. ముందురోజు నోరు విప్పకుండా గొంతుకు సెలవివ్వడం ఆ వృత్తిలో నియమం. షుచిన్ నవ్వి తల ఊపి చేత్తో దగ్గరికి రమ్మంది. పిల్ల కాసేపు ఎదురుచూసి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పిన్నీ అనే పిలుపు. ముప్పై ఏళ్లు గడిచాయి, భర్త పోయాడు, పిన్ని పిన్నిగానే ఉంది. మూడు రోజుల కిందట పెయ్‌వెన్ ఆ నవల చదివి ఫోన్ చేసింది. "పిన్నీ, ఆ ముసలావిడ గొంతు నీదేనటగా? చివర్లో ఎలా పలుకుతావో వినాలని ఉంది," అంది. అప్పటినుంచే ఈ కుదురులేనితనం.

దర్శకుడు ఫు హైనింగ్ కొత్త కాగితం పట్టుకుని లోపలికొచ్చాడు.

"టీచరుగారూ, చిన్న మార్పు. అమ్మా అనేది తీసేశారు. చివరిదాకా మోమోనే."

"షూటింగ్‌లో అమ్మా అనే అంది కదయ్యా!"

"ఆ అమ్మాయి వీపు మాత్రమే కనిపిస్తుంది లెండి. ఏ మాటైనా పెట్టొచ్చు. ఆ పిల్లను నేను చూసుకుంటానని హీరో చేత అనిపిస్తున్నాం. మీరు ఆయ్ అనక్కర్లేదు. కొసఊపిరి వదిలితే చాలు."

"చచ్చేది నేను, మాట అతనికా?"

"ఏం చేయమంటారు? చూసేవాళ్లకు ఆ జంటే కావాలి."

నవలలు తెరకెక్కేటప్పుడు ఇది కొత్తేమీ కాదు. నవలలో వలచినవాడు తెరమీద అన్నయ్యవుతాడు, గురువు తోటి శిష్యుడవుతాడు. అమ్మ ఆయా అయితే ఆశ్చర్యమేముంది? అయినా షుచిన్‌కు ఒళ్లు మండింది.

బొమ్మ కదిలింది. తెరమీద ముసలి నటి నోరు స్పష్టంగా ఆయ్ అంటోంది. షుచిన్ కూడా ఆయ్ అనేసింది.

"ఊపిరి, టీచరుగారూ."

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. గది గాజు గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. నాలుగోసారి కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. అది వణికి, తెగి, ఆగిపోయింది. ముసలిది చచ్చిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"చావడంలో మిమ్మల్ని మించినవాళ్లు లేరండీ!" అన్నాడు హైనింగ్.

"ఇదే ఆఖరు నాయనా. ఇక నన్ను పిలవొద్దు," అంది షుచిన్. అతను వేళాకోళం అనుకున్నాడు.

పక్క గదిలో ఒంటరిగా కూర్చుని ఫోన్ తీసింది. పెయ్‌వెన్ పేరు తెరిచి, మాట రికార్డయ్యే బొత్తాం నొక్కిపట్టి, ఒక్కసారే, గొంతు దాచుకోకుండా "ఆయ్!" అంది. ఒక్క సెకను మాట. పంపేశాక చేతులు ఆగలేదు. సంచీ తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

ఫోన్ మోగింది.

"ఇది సీరియల్లోదా పిన్నీ?"

"కాదు. అందులో తీసేశారు. ఇది నీకే. వంటింటి గుమ్మం దగ్గర పిలిచావు చూడు, దానికి. ఆ రోజు గొంతుకు సెలవమ్మా. మర్నాడు రికార్డింగ్. అందుకే పలకలేదు."



"గొంతు కోసమా?" అంది పెయ్‌వెన్. "ముప్పై ఏళ్లు నేనేమనుకున్నానో తెలుసా నీకు?"

"తెలుసు. చెప్పడానికి మొహం చెల్లలేదు."

 అవతల ముక్కు చీదిన చప్పుడు.

"స్టూడియో గేటు దగ్గరికి రా. బయల్దేరుతున్నా. ఎక్కడికీ పోకు."

షుచిన్ లేచి ఒక్క పరుగున గేటు దగ్గరికి వెళ్లింది, చప్పుడు రాకుండా డబ్బింగ్ గదిలో తొడుక్కునే గుడ్డచెప్పులతోనే. సాయంత్రం గది తాళం వేసేటప్పుడు హైనింగ్ చూస్తే, గుమ్మం పక్కన ఆమె వదిలేసిపోయిన మడమ అరిగిన నల్ల తోలుజోళ్లు రెండూ వీధి వైపు తిరిగి ఉన్నాయి.