జ్వరం లేనివాళ్ల రక్తం

డాక్టరమ్మకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి! పంపుహౌస్ వీధిలో నలభై మంది దగ్గర రక్తం తీసుకొచ్చి, ల్యాబులో పెంచిన దోమల చేత తాగించి, ఎనిమిది రోజులు వాటిని పసిపిల్లల్లా సాకి, ఒక్కొక్కదాని కడుపూ కోసి చూసింది. ఆరుగురి రక్తం తాగిన దోమల కడుపుల మీద మలేరియా బుడిపెలు లేచాయి, అంటే వాళ్ల రక్తంలో మలేరియా ఉన్నట్టే. ఆ ఆరుగురికీ జ్వరం లేదు, తలనొప్పి లేదు, నిక్షేపంగా పనులకు పోతున్నారు. పెద్దాఫీసరు ఆ రిపోర్టును పక్కకు నెట్టి, "ఊళ్లో మలేరియా సున్నా" అన్న ధ్రువపత్రం ఆమె ముందు పెట్టాడు. ఆమె సంతకం పడితే ఒకటో తారీఖు నుంచి ఆ వీధిలో మందుల కేంద్రం మూసేస్తారు.

"సున్నా ఎలా అవుతుందండీ? కళ్లు కనపడట్లేదా?"

"మూడేళ్లుగా జ్వరమొచ్చిన వాళ్లలో ఒక్క కేసూ లేదు మేడమ్."

"జ్వరం రానివాళ్ల సంగతేంటి? దోమ థర్మామీటరు పెట్టి చూసుకుని కుడుతుందా?"

మైక్రోస్కోపు ముందు కూర్చున్న ల్యాబు అక్క కిసుక్కున నవ్వింది. ఆఫీసరు నవ్వలేదు. ఫైల్లోంచి పాత ఉత్తర్వు తీశాడు. 'జ్వరం ఉన్నవారి రక్తం మాత్రమే పరీక్షించాలి.' కింద పందొమ్మిదేళ్ల నాటి సంతకం, డాక్టరమ్మదే.

"రూలు మీరు పెట్టిందే కదా. దీనికే కదా మీకు పతకం ఇచ్చారు!"

ఆమె ఆ ఉత్తర్వును చేతిలోకి తీసుకుంది. అప్పట్లో మనుషులు చాలక, పని తెమలక పెట్టిన రూలది. ఆ తర్వాత ఆ వీధిలో మలేరియా రెండుసార్లు అణిగి, రెండుసార్లూ విరుచుకుపడింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియక బయటి కూలీల మీదకు తోసేశారు. తనూ తోసింది. ఛీ! పోయినసారి పదకొండు మంది పిల్లలు పోయారు. వాళ్లలో ల్యాబు అక్క చెల్లెలి కూతురు ఒకతె.

డాక్టరమ్మ కలం తీసి సున్నాను అడ్డంగా కొట్టేసింది. 'జ్వరం ఉన్నవారినే చూడమన్న రూలు నాది. అది తప్పు' అని రాసి సంతకం చేసింది.

"మీ పరువేం కావాలి మేడమ్?"

"పోనివ్వండి. నా పరువు పోతే ఎవరి పిల్లలూ చావరు."

ఆఫీసరు కాగితం లాక్కుని విసురుగా వెళ్లిపోయాడు. డాక్టరమ్మ ల్యాబు అక్క వైపు తిరిగింది కానీ, మొహం చూడలేకపోయింది.

"నన్ను తిట్టక్కా."

అక్క కళ్లు తుడుచుకుని సూదుల పెట్టె దగ్గరకు లాక్కుంది.

"తిడతాను, ఎక్కడికి పోతాను. ముందు చెప్పు, రేపు ఎంతమంది రక్తం తీయాలి?"

"వీధి మొత్తం."